నలభైనాలుగో గ్లాసు

ఆ ఫోను రెండుసార్లు పెట్టేసింది నేనే. ఇది మొదటే చెప్పేస్తున్నాను. ఎక్కడో మధ్యలో చెబితే, అంతవరకూ చదివినవాళ్లు నన్ను వేరే మనిషి అనుకుని ఉంటారు.

తొంభైల మధ్యలో, దోహాలో. అల్ దోహా అల్ జదీదా సందుల్లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు అద్దాల షోరూము, వెనకాల కుట్టుగది, అందులో పదకొండు మంది ఆడవాళ్లు. ఆ ఊరి పెళ్లికూతుళ్లకి గౌన్లు కుట్టేవాళ్లు. షోరూముకీ కుట్టుగదికీ మధ్య నా టేబులు. బీయే చదివి, ఇంగ్లీషు టైపు నేర్చుకుని వచ్చినదాన్ని కనక కొలతలు రాసుకోవడం, ఫోనెత్తడం, పోస్టు పంచడం నా డ్యూటీ. పనివాళ్లకి ఆ లైను మీద సొంత ఫోన్లు రాకూడదని రూలు. పెట్టింది యజమానురాలు. పెట్టిన నెలకే ఆవిడ మరిచిపోయింది. నేను మరిచిపోలేదు.

మొదటిసారి ఎత్తితే అవతల హోరు. ఆ హోరులోంచి ఎవరో ముసలాయన అరుస్తున్నాడు, ఏ భాషో. అందులో మా కుట్టుగదిలో పూసలు కుట్టే రొమేనియా ఆవిడ పేరు ఒక్కటే నాకు తెలిసింది. "నో పర్సనల్ కాల్స్" అని పెట్టేశాను. పావుగంటకి మళ్లీ మోగింది. ఈలోగా ఎవరో ఆయనకి ఒక ఇంగ్లీషు మాట నేర్పించి ఉంటారు. "మదర్" అన్నాడు. "మదర్, మదర్, మదర్." నా ఎదురుగా ఒక పెళ్లికూతురూ వాళ్లమ్మా లేసు గురించి పోట్లాడుకుంటున్నారు. మదర్ అందరికీ ఉంటుందిలే, అనుకున్నాను. పెట్టేశాను. ఆవిడ అప్పుడు నా టేబులుకి ఇరవై అడుగుల దూరంలో, గోడకవతల కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

ఆవిడ వచ్చి అప్పటికి ఏడెనిమిది నెలలయింది. నలభై దాటిన మనిషి. పొట్టి. చేతులు మాత్రం కట్టెలు కొట్టేవాడి చేతుల్లా ఉండేవి, ఆ చేతులతోనే ఆవగింజంత పూసల్ని వంకర లేకుండా వరసలు తీర్చేది. వాళ్ల దేశంలో ప్రభుత్వం మారి, తను పనిచేసే బట్టల మిల్లు మూతపడి, ఎవరో ఏజెంటు చేతిలో పడి ఇక్కడ తేలింది. మదీనత్ ఖలీఫాలో కంపెనీ మా ఆడవాళ్లకి ఒక పాత విల్లా ఇచ్చింది. అందులో మా గదిలో ముగ్గురం: నేను, ఈవిడ, మా ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క. నిజామాబాద్ మనిషి. గౌన్లకి అంచులు మడిచి ఇస్త్రీ చేసేది. వాళ్ల ఇంటి నించి వచ్చే ఉత్తరాల మీద దుబాయ్ అని రాసి, కొట్టేసి, కింద దోహా అని రాసి ఉండేది. "మావోళ్లకు సముద్రం దాటితే అంత దుబాయే" అని నవ్వేది. ఆపాకి ఇంగ్లీషు రాదు. ఆవిడకి తెలుగూ రాదు, ఉర్దూ రాదు. అయినా ఇద్దరూ మంచాల మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. నాకూ ఆవిడకీ మధ్య విరిగిన ఇంగ్లీషు ఒకటి ఉండేది, మేం మాత్రం పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

ఆవిడ ఏం మాట్లాడినా చివరికి వాళ్ల ఊరికే చేరేది. డాన్యూబ్‌లో పోయి కలిసే ఒక చిన్న నది, దాని ఒడ్డున అరవై గడప, ఆల్‌బుకరా చెట్లు, బాతులు. పొలం దున్నితే కుండపెంకులు లేస్తాయట. నిన్నా మొన్నటివి కావు, రోమ్ సైన్యాలు ఆ దేశానికి రాకముందు నించీ అదే ఒడ్డున ఉన్న జనానివి. స్కూలు మాస్టారు వాటిని బిస్కెట్ డబ్బాల్లో దాచి పిల్లలకి చూపించేవాడట. అలాంటి నల్లటి పెంకు ఒకటి, బొటనవేలంత, రుమాల్లో చుట్టి పెట్టెలో తెచ్చుకుంది. దాని అంచున పచ్చిమట్టి మీద గోటితో నొక్కిన గాటు. "ఆడది నొక్కింది" అని తన గోరు ఆ గాట్లో పెట్టి చూపించింది. సరిగ్గా పట్టింది.

"రెండువేల ఏళ్లదా?" అన్నాను.

"ఇంకా ఎక్కువ."

"రెండువేల ఏళ్ల నించీ ఉన్నారు కదా, మీ ఊరికి బస్సొచ్చిందా?"

"మంగళవారం వస్తుంది" అంది సీరియస్‌గా.

వారం రోజులు ఆ మాట చెప్పి కుట్టుగదిని నవ్వించాను. అప్పటి నించీ ఆవిడకి నేను పెట్టిన పేరు మ్యూజియం. "మ్యూజియం టీ తాగిందా?", "మ్యూజియం చేతిలో గౌను అయిందా?" ఫిలిప్పీన్స్ అమ్మాయిలు కూడా అందుకున్నారు. ఆవిడకి తెలియకపోవడానికేం లేదు. వాళ్ల భాషలోనూ దాన్ని మ్యూజియం లాంటి మాటతోనే అంటారట, తనే చెప్పింది, కోపం లేకుండా.

నదిని కూడా వదిలిపెట్టలేదు నేను. మాది గోదావరి లంక. పుట్టింటికి పోవాలంటే పడవెక్కేవాళ్లం. "మీ నది ఎంత వెడల్పు?" అని అడిగాను. అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు అంది.

"దాన్ని మా వైపు కాలవంటారు."

ఆపాకి ఒళ్లు మండింది. "ఊకో చెల్లె. పెద్దగుంటే ఏంది, చిన్నగుంటే ఏంది? ఈడ నీకు గోదారి పారుతున్నదా, ఆమెకు కాలువ పారుతున్నదా? ఇద్దరికి ట్యాంకరే."

ఫోను వచ్చిన పదకొండో రోజున ఉత్తరం వచ్చింది. పోస్టు పంచేది నేనే కదా, నేనే తీసుకెళ్లి చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. మడిచి తన గౌను జేబులో పెట్టుకుంది. కూర్చుని, మధ్యలో ఆగిన పూసల వరస చివరిదాకా కుట్టి, ముడివేసి, దారం పళ్లతో తెంపింది. అప్పుడు లేచి నా టేబులు దగ్గరికొచ్చింది.

"మా అమ్మ చనిపోయింది. పాతిపెట్టారు కూడా."

ఏమనాలో అది అన్నాను. ఇంగ్లీషులో దానికి ఒక మాట ఉంది కదా, అది.

"మావయ్య పక్క టౌనుకి నడిచి వెళ్లి పోస్టాఫీసు నించి ఫోన్ చేశాడట. రెండుసార్లు. ఎవరో ఎత్తి పెట్టేశారట. ఆడగొంతు అని రాశాడు."

"ఇక్కడ ఫోను ముగ్గురం ఎత్తుతాం" అన్నాను. "రాంగ్ నంబర్లు రోజుకి పది వస్తుంటాయి."

ఆవిడ నా మొహంలోకి కాదు, ఫోను వైపు చూసింది. "అలాగా" అంది.

ముగ్గురం అన్నది అబద్ధం. ఎత్తేది నేనొక్కదాన్నే. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

సెలవు దొరకలేదు. పెళ్లిళ్ల ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయి, పాస్‌పోర్టులన్నీ యజమానురాలి బీరువాలో ఉన్నాయి. "ఇప్పుడు మాఫీ, పెళ్లిళ్లయ్యాక చూద్దాం, నువ్వే చెప్పు" అని యజమానురాలు నాకు అప్పజెప్పింది. మాఫీ అంటే లేదు అని. అరబ్బీ మాటల్లో మేమంతా మొదట నేర్చుకునేది అదే. నేనే చెప్పాను. చెప్పడానికి నాకు కష్టమేమీ అనిపించలేదు. అంతకుముందు ఏడాది మా అమ్మ పోయినప్పుడు నాకూ అదే మాట చెప్పారు, నేను వినలేదా?

ఆ సాయంత్రం గదిలో కూర్చోబెట్టి తనకేం కావాలో చెప్పింది. నాకు ఇంగ్లీషులో, ఆపాకి చేతులతో.

వాళ్ల ఊళ్లో మనిషి పోతే నలభై రోజులు ఆ మనిషికి దాహం. ఆ నలభై రోజుల్లో ఇంటి ఆడమనిషి నీళ్లు పట్టుకుని వాళ్లకీ వీళ్లకీ మోసుకెళ్లి, పోయినవాళ్ల పేరు చెప్పి ఇవ్వాలి. పుచ్చుకున్నవాళ్లు దేవుడు మన్నించుగాక అన్న అర్థం వచ్చే ఒక మాట అనాలి. అలా నలభైనాలుగుసార్లు. ఇచ్చినప్పుడల్లా ఒక కర్ర మీద కత్తితో గాటు పెట్టాలి. నది నీళ్లో ఊట నీళ్లో కావాలి, కొన్న నీళ్లు చెల్లవు. ఆఖరి రోజు పొద్దుగూకేలోపు నది ఒడ్డుకి వెళ్లి, సొరబుర్ర చెక్కలో కొవ్వొత్తి వెలిగించి నీళ్ల మీద వదలాలి. ఆఖరి నీళ్లు పుచ్చుకున్న మనిషి ఒడ్డున నిలబడి "ముట్టాయి" అని సాక్ష్యం చెప్పాలి. అప్పుడు ఆ నీళ్లన్నీ అమ్మకి చేరతాయి. చెప్పకపోతే చుక్క కూడా చేరదు.

"నలభైనాలుగెందుకు? నలభై చాలదా?"

"తెలీదు. మా ఊళ్లో అంతే."

"ఎవరు పెట్టారు ఈ లెక్క?"

రుమాల్లోంచి పెంకు తీసి చూపించింది. "వీళ్లు."

"మీరు క్రైస్తవులే కదా? మీ ఫాదరు ఊరుకుంటాడా?"

"ఫాదరు కూడా ఒడ్డుకి వస్తాడు."

"అయితే ముందు ఆయన్ని మార్చాలి" అన్నాను. "మీ ఊళ్లోనే ఎవరిచేతనైనా చేయించరాదూ?"

"నేనొక్కదాన్నే కూతుర్ని. మావయ్య మగాడు. మగాడు మోసిన నీళ్లు చేరవు." వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "పదకొండు రోజులు పోయాయి. ఇరవై తొమ్మిది ఉన్నాయి. శుక్రవారాలు ఎక్కువ చేస్తాను. అవుతుంది."

ఆ పోయిన పదకొండు రోజులు ఎక్కడికి పోయాయో ఆ గదిలో నాకు తెలుసు. నేను జడ అల్లుకుంటున్నాను.

కుళాయి నీళ్లు ట్యాంకరు నించి కొన్నవి, అవి చెల్లవు. మా పక్క విల్లా ప్రహరీకి బయటి వైపు ఒక స్టీలు కూలరు బిగించి ఉండేది, దారినపోయేవాళ్లు తాగడానికి. రెండు కుళాయిలు, గొలుసుతో కట్టిన ఒక గ్లాసు. ఆ ఊళ్లో చాలా గోడలకి ఉంటాయి అలాంటివి. ఆవిడ ఆ నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. పొద్దున్న ఏడింటికి వ్యాను వచ్చేలోగా స్టీలు బకెట్టుతో రోడ్డు మీద కనపడేది. ఆగస్టు నెల. ఆ వేళకే గాలి తడిగుడ్డ మొహాన కప్పినట్టుండేది. పక్క గది ఫిలిప్పీన్స్ అమ్మాయిలు తీసుకున్నారు. వాచ్‌మన్ తీసుకున్నాడు. సందు చివర బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలబారీ ఆయన తీసుకుని కొట్టు ముందర చల్లుకున్నాడు. ఆపా అయితే బకెట్టు రాగానే గ్లాసు ముంచి, బిస్మిల్లా అని నిలబడినదల్లా కూర్చుని మూడు గుక్కల్లో తాగి, "ఆమీన్" అనేది. ఆవిడ చెప్పమన్న మాట ఆపాకి నోరు తిరగలేదు. ఆమీన్ చాలు అంది ఆవిడ, అది తమకీ ఉందట. కర్ర మీద గాటు పెట్టేది. కర్రంటే షోరూములో గుడ్డ తానులు చుట్టే బద్ద, చెత్తలోంచి ఏరుకొచ్చింది.

నా దగ్గరికి మొదటిరోజే తెచ్చింది. "నాకొద్దు. చచ్చినవాళ్ల నీళ్లు నేను తాగను" అన్నాను. ఆ తర్వాత నన్ను దాటుకుని వెళ్లేది, గదిలో నా మంచం చుట్టూ తిరిగి.

"గ్లాసెడు నీళ్లు తాగితే నీ ఏసు ఏమన్న కొడ్తడా?" అంది ఆపా.

"అది నీళ్లు కాదు ఆపా, అజ్ఞానం."

"దూప తీరుతదా లేదా అది చెప్పు."

ఆపాతో వాదన పెట్టుకుంటే అంతే. నేను రెండు పేజీలు మాట్లాడితే తను ఒక్క ముక్కలో కొట్టిపారేసేది.

ముప్ఫయ్యారో రోజు. సోమవారం సాయంత్రం. కర్ర మీద ముప్ఫయ్యారు గాట్లు, నేనూ లెక్కపెడుతూనే ఉన్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని వాటి మీద వేలు పోనిస్తూ, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"నీకూ అమ్మ లేదని ఆపా చెప్పింది. మీ అమ్మకి నీళ్లెవరిచ్చారు?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఇప్పుడు నాకు తెలుసు లేదని, అప్పుడూ తెలుసు. మా అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది గురువారం. శుక్రవారం మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం, ఒకాయన ఇంటి హాల్లో. పెద్దాయన లేచి ఈ సహోదరి తల్లి ప్రభువు నందు నిద్రించింది అన్నారు. రెండు పాటలు పాడారు. టీ, బిస్కట్లు ఇచ్చారు. శనివారం డ్యూటీకి వెళ్లి పద్నాలుగు కొలతలు రాసుకున్నాను. అంతే మా అమ్మ. అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"మీ నీళ్ల సంగతి చెప్పనా?" అన్నాను. "ఆ కూలరు మీద అరబ్బీలో ఏదో రాసుంది, చూశావా? ఆపా చదివి చెప్పింది నాకు. ఆ ఇంటాయన చనిపోయిన వాళ్లమ్మ పేరున పెట్టించాడు. ఆ నీళ్లు నువ్వు పట్టకముందే ఒకావిడకి ఇచ్చేశారు. ఒక అమ్మకిచ్చిన నీళ్లు తీసుకెళ్లి నువ్వు ఇంకో అమ్మకిస్తున్నావు. ఈ ముప్ఫయ్యారూ ఆ అరబ్బావిడవి. మీ అమ్మ మొదటి రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, నోరెండిపోయి."

ఆవిడ ముందు ఆపా వైపు చూసింది. గోడ వైపు చెయ్యి చూపించి, గాలిలో రాసినట్టు చేసి, ఎత్తుకున్న బిడ్డని ఊపినట్టు చేసి, అమ్మ పేరునా అని సైగతో అడిగింది. ఆపా అబద్ధం ఆడే మనిషి కాదు. తల ఊపింది. ఊపి, నా మీదకి లేచింది.

"ఏం చెప్పినవే ఆమెకు? సవాబ్ అంటే పుణ్యం, అదేమన్న రొట్టె ముక్కనా, ఇంకొకరికిస్తే తరిగిపోనీకి? ఒక దీపంతోని ఇంకో దీపం ముట్టిస్తే మొదటిది ఆరిపోతదా? చెప్పు ఆమెకు. ఇంగ్లీషుల చెప్పు."

అది ఇంగ్లీషులోకి మార్చగలిగింది ఆ గదిలో నేనొక్కదాన్నే. మార్చలేదు.

"ఏమంటోంది?" అని అడిగింది ఆవిడ నన్ను.

"అవునంటోంది" అన్నాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి కర్ర నున్నగా ఉంది. నేల మీద సన్నటి చెక్క పొట్టు. ముప్ఫయ్యారు గాట్లూ చెక్కేసింది.

ఆ రోజు డ్యూటీలో ఒకటే అడగడం, కనపడిన ప్రతివాళ్లనీ: ఈ నీళ్లెవరివి? షోరూము నీళ్లు కంపెనీవి. మసీదు నీళ్లు మసీదువి. సీసా నీళ్లు కొన్నవి. ఆ దేశంలో నీళ్లన్నిటికీ ఒక యజమాని ఉన్నాడు, సముద్రాన్ని కాచి మంచినీళ్లు చేసే చోట ఊరికే పారే నీళ్లెక్కడుంటాయి? సాయంత్రం వ్యాను దిగి మా విల్లా వెనక్కి వెళ్లింది. ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే మా గది కిటికీ ఏసీ కింద గొంతుక్కూర్చుని ఉంది. ఏసీ ట్యూబులోంచి టప టపా నీళ్లు ఇసకలో పడుతున్నాయి. ఆ పడేచోట అరచేతి మందాన పచ్చగడ్డి మొలిచింది. మేం ఇన్నేళ్లుగా చూడనే లేదు.

"ఇది ఎవరిది?" అంది.

వాదించవచ్చు. ఏసీ కంపెనీది, కరెంటు కంపెనీది అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ గడ్డి చూసి ఎందుకో అనలేదు. మంచితనం అనుకోకండి. తర్వాత వాడుకోవచ్చులే అనుకున్నాను.

"గాలిది" అంది తనే, సమాధానంగా, బకెట్టు జరుపుతూ.

మూడున్నర రోజుల్లో నలభైనాలుగు. బకెట్టు నిండడానికి పూట పట్టేది. అందుకని టీ గ్లాసులు తీసింది, అక్కడివాళ్లు తాగే నడుం సన్నటి చిన్న గ్లాసులు.

"అంత చిన్న గ్లాసా? చాలుతుందా మీ అమ్మకి?"

"మా అమ్మ చిన్న మనిషి" అంది.

ఏసీ నీళ్లు ఎవరు పుచ్చుకుంటారు? పుచ్చుకున్నారండీ. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు చేతులు తడుపుకున్నారు. వాచ్‌మన్ తన తులసి కుండీలో పోసుకున్నాడు. బకాలా ఆయన రోజూ నాలుగుసార్లు తీసుకున్నాడు, ప్రతిసారీ ముందు షాపు రేడియో ఆపి. కుట్టుగదికి ఫ్లాస్కులో తెచ్చింది, అక్కడా తీసుకున్నారు. నేను మ్యూజియం నేర్పించిన నోళ్లే ఆవిడ చెప్పమన్న మాట కూడా నేర్చుకుని అన్నాయి. ఆపా తాగింది. ప్రతిసారీ తాగింది. "కొంచెం ఇనుం వాసనొస్తున్నది గని సల్లగున్నది. ఆమీన్." కర్ర మీద కొత్త గాట్లు పాతవాటికంటే లోతుగా పడ్డాయి.

నలభయ్యో రోజు శుక్రవారం. నేను ప్రార్థన కూటం నించి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గదిలో ఆవిడా ఆపా తయారై కూర్చున్నారు. కర్ర మీద నలభైమూడు. ఏసీ కింద బకెట్టు కడిగి బోర్లించేసింది. మిగిలిన ఒక్క గ్లాసు బల్ల మీద ఉంది, మీద చిన్న గుడ్డ కప్పి.

"ఆఖరిది నీకు ఉంచాను."

"నాకెందుకు?"

"నీకూ అమ్మ లేదు. నువ్వు నది ఒడ్డు మనిషివి. ఒడ్డున నిలబడి చెప్పేది నది తెలిసిన మనిషి అయితే మంచిది. మీది పెద్ద నది కదా."

వెక్కిరింపా అని చూశాను. కాదు. ఆపా నన్నే చూస్తోంది, ఇస్త్రీపెట్టె వేడెక్కిందా లేదా అని చూసినట్టు. గ్లాసు తీసుకున్నాను. ఆవిడ చెప్పిన మాట కూడా అన్నాను, ఒక్కసారికే నోరు తిరిగింది నాకు. ఆవిడ కర్ర మీద నలభైనాలుగో గాటు పెట్టింది. మొహం కడుక్కొస్తానని బాత్రూములోకి వెళ్లాను, గ్లాసుతో.

నోటి దాకా తీసుకెళ్లాను. ఆ ఫోనులో ముసలాయన గొంతు వినపడిందని రాస్తే బావుంటుంది. ఏం వినపడలేదు. ఏసీ నీళ్లు, అడుగున నల్లటి నలక. పారబోశాను. గ్లాసు కడిగి తెచ్చి బల్ల మీద పెట్టాను.

కంపెనీ వ్యాను డ్రైవరు మమ్మల్ని సముద్రం ఒడ్డున దింపి నమాజుకి వెళ్లాడు. జనం తిరిగే చోటు కాదు, ఇంకా ముందుకు, రాళ్ల మధ్య నించి ఒక పాయ లోపలికి చొచ్చుకొచ్చిన చోట. పోటు తీస్తోంది. పాయలో నీళ్లు చూస్తుండగా సముద్రంలోకి జారుతున్నాయి. ఆ చోటు ఎప్పుడు వెతికి పెట్టుకుందో.

"ఇవి ఉప్పునీళ్లు" అన్నాను. ఉండబట్టలేదు.

"పారుతున్నాయి. మా నది కూడా ఇక్కడికే వస్తుంది. మీ పెద్దది కూడా."

సొరబుర్ర దొరక్క, పుచ్చకాయ సగం డొప్ప తెచ్చింది. లోపల తుడిచి, రొట్టెముక్క పెట్టి, కొవ్వొత్తి నిలబెట్టింది. కర్ర పక్కన పెట్టుకుని, చెప్పులు విడిచి, మోకాళ్ల లోతుకి దిగింది. పొద్దు ఇంకా రెండు బారలుంది. నా వైపు తిరిగి, నేను కొలతలు అడిగినంత పద్ధతిగా అడిగింది.

"నీళ్లు ముట్టాయా?"

ఒక్క మాట. "ముట్టాయి" అంటే అయిపోయేది. ఆపా వెనక నించి వేలితో నా వీపులో పొడుస్తోంది.

"నేను తాగలేదు" అన్నాను. "బాత్రూములో పారబోశాను." ఆవిడ కదల్లేదు. "నాకు అబద్ధం చెప్పడం చేతకాదు" అని కూడా అన్నాను.

ఆవిడ ఒడ్డున పెట్టిన ఫ్లాస్కు తీసి తిరగేసింది. ఖాళీ. ఏసీ అక్కడికి అరగంట దూరం, వ్యాను లేదు, పొద్దు ఆగదు. అదంతా ఆవిడ మొహంలో ఒకదాని తర్వాత ఒకటి రావడం చూశాను. నేను చూపు తిప్పుకోలేదు. తర్వాత వంగి అగ్గిపుల్ల గీసింది. రెండోదానికి అంటుకుంది. డొప్పని రెండు చేతులతో నీళ్ల మీద పెట్టి వదిలింది. అది ఒకసారి గిరగిరా తిరిగి, పాయ వెంట సాగింది.

దాన్ని చూస్తూ వాళ్ల భాషలో ఏదో చెప్పింది, గట్టిగా, అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టు. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగి అదే మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది. తొందర లేకుండా, ఒక్కొక్క మాటా.

"అమ్మా, నలభైమూడు నీవి. నలభైనాలుగోది ఈ ఆడమనిషి దగ్గరుంది. నీ రెండు ఫోన్లు కూడా ఈవిడ దగ్గరే ఉన్నాయి. దాహమేసినప్పుడల్లా ఈవిడ దగ్గరికి వెళ్లి అడుగు."

డొప్ప రాళ్లు దాటింది. కొవ్వొత్తి ఆరలేదు.

"ఏమంటున్నది?" అని ఆపా నా భుజం పట్టుకుంది. "చెప్పు చెల్లె, ఏమన్నది?"

"ఏం లేదు ఆపా. వాళ్లమ్మ కోసం దువా."

ఆపా నెత్తి మీద దుపట్టా సర్దుకుంది. రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, అరచేతులు మొహం మీదుగా కిందికి దింపుకుంది.

"ఆమీన్" అంది.